నాకు ఈత వచ్చునని బావగారు పెట్టిన సంతకం

మా బావగారు పోయారు. మా అక్క భర్త. ఆ ఆదివారం పొద్దున నేను వరండాలో కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్నాను. నాలుగిళ్ళ అవతల నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది.

“పిన్నీ, నాన్న లేవట్లేదు.”

“ఆదివారమేగా, పడుకోనీవే.”

“లేవట్లేదు పిన్నీ.”

రెండోసారి అన్నప్పుడు అర్థమైంది. చేతులు కడుక్కోకుండా పరిగెత్తాను. ఆ చేతులతోనే కళ్ళు తుడుచుకున్నాను. కాబట్టి ఆ రోజు నేనెంత ఏడ్చానో, అందులో మిరపకాయల వాటా ఎంతో, ఇప్పటికీ తేల్చలేను.

అది జరిగి రెండు వారాలు దాటింది. ఏడుపు తగ్గింది. దాని స్థానంలో కోపం వచ్చి కూర్చుంది. పోయినవాళ్ళ గురించి కోపంతో రాయకూడదంటారు. కోపం తగ్గేదాకా ఆగితే రాసే మనిషి మిగలదు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

బావగారు మత్స్యశాఖలో ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. కాలువల గట్ల మీద, రిజర్వాయర్ల పక్కన సర్వీసంతా గడిపారు. ఏళ్ళ తరబడి ఆఫీసు కాగితాలు రాసి రాసి ఆయనకు మామూలు భాష పోయింది. ఇంట్లో ఫ్రిజ్ మీద చీటీ అంటించేవారు: “విషయం: పాలు విరుగుట గురించి. సూచిక: నిన్నటి రోజున తలుపు సరిగా వేయకపోవుట.” మా అక్క దాని కింద పెన్సిలుతో రాసేది: “చర్య: వేయనివారే టీ లేకుండా ఉండుట.” వాళ్ళ కాపురం అలా ఫైలు మీద ఫైలుగా, నవ్వుకుంటూ సాగింది.

అక్క పోయాక ఆయన చీటీలు రాయడం మానేశారు. మాట్లాడటం కూడా దాదాపు మానేశారు. నేను అప్పటికే భర్త పోయి, హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, తిట్టడానికి బడిపిల్లలు లేక ఇబ్బంది పడుతున్నాను. ఒక ఆదివారం ఆయన అటక మీది పాత గాలపు కర్ర దించి చెరువుకు వెళ్ళారని తెలిసింది. అన్నం తిన్నారో లేదో చూద్దామని క్యారేజీ పట్టుకుని నేనూ వెళ్ళాను. తిన్నారు. తిని చెయ్యి కడుక్కుని, కర్ర నా చేతికిచ్చారు.

“పట్టుకో మరదలా, ఇప్పుడే వస్తా.”

ఆయన తిరిగొచ్చేసరికి నా గాలానికి ఒక జెల్ల చేప తగులుకుంది. నేనేం చేశానో నాకు తెలీదు. అరిచాననుకుంటా. అక్క పోయాక బావగారు నవ్వడం అదే మొదటిసారి. ఆ రోజు నుంచి ఆదివారాలు మావి. ఊరు అనుకునేదేదో కొన్నాళ్ళు అనుకుంది. మా వయసు చూసి దానికే విసుగొచ్చి మానేసింది.

మాది సాగరు కాలువ నీళ్ళతో నిండే చెరువు. అందులో చేపపిల్లల్ని వదిలేదీ, పెంచేదీ, వలలు వేసేదీ మత్స్యకారుల సొసైటీ వాళ్ళు. మేం మొదలుపెట్టిన రోజుల్లోనే వినుకొండ నుంచి, దాచేపల్లి నుంచి కూడా జనం కార్లేసుకుని వచ్చి సరదాకి గాలాలు వేయసాగారు. వాళ్ళకది ఆదివారం కాలక్షేపం, సొసైటీ వాళ్ళకది కడుపుకూడు. కట్ట మీద కొట్లాటలయ్యాయి. చివరికి సొసైటీ ప్రెసిడెంటు బావగారింటికి వచ్చాడు.

“అయ్యా, రావద్దంటే గొడవ. రమ్మంటే మా చేపలు పాయె. మీరే ఏదో ఒక రూలు రాయండి. మీ మాటైతే అందరూ ఇంటారు.”

బావగారు పది రోజులు కూర్చుని రాశారు. ఆ పది రోజులూ ఆయన మొహంలో మళ్ళీ ప్రాణం కనిపించింది. గాలం వేయాలంటే అనుమతి కార్డు ఉండాలి. మనిషికి ఒక్క గాలం. ఆదివారాలు మాత్రమే. చేపలు గుడ్లు పెట్టే వానాకాలంలో రెండు నెలలు అసలు కట్టెక్కకూడదు. జానెడు లోపు చేప పడితే బతికుండగానే నీళ్ళలో వదలాలి. పట్టింది ఇంట్లో వండుకోవాలిగాని అమ్మకూడదు. ఇలా రాసుకుంటూ వచ్చి ఏడో రూలు పెట్టారు: కార్డు కావలసినవారికి ఈత వచ్చి ఉండాలి, వచ్చునని ఎరిగిన మనిషి ఒకరు సాక్షి సంతకం చేయాలి.

నాకు ఈత రాదు. మిషన్ హాస్టల్లో చదువుకున్నదాన్ని. అక్కడ స్నానానికి రెండు చెంబుల నీళ్ళిచ్చేవారు. వాటిలో ఎవరికైనా ఏం ఈత వస్తుంది?

“రాయండి బావగారూ, వచ్చునని.”

“నీకు రాదు కదా.”

“మీరు రాస్తే వస్తుంది.”

“ఆ రూలు నేను రాసిందే.”

“అందుకేగా మిమ్మల్ని అడిగేది. వేరేవాళ్ళు రాసుంటే వాళ్ళనే అడిగేదాన్ని.”

ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు. పెట్టుకుని, మళ్ళీ తీసి తుడిచారు. అప్పుడు నేను అనకూడని మాట అన్నాను.

“అక్కే ఉంటే ఈపాటికి నాలుగు సంతకాలు పెట్టించేది.”

సంతకం పెట్టారు. నా కళ్ళముందే పెట్టారు. ఏటా కార్డు మార్చేటప్పుడు అలా నాలుగుసార్లు పెట్టారు.

ఆ నాలుగేళ్ళ గురించి ఎంతైనా రాయగలను. ఆయన మోపెడ్ మీద వెనక కూర్చుని, రెండు గాలపు కర్రలు నిలబెట్టి పట్టుకుని నేను వెళుతుంటే, ఎన్నికల ఊరేగింపులో జెండాలు పట్టుకున్నట్టుండేది. కట్ట కింద పత్తి చేలకు వెళ్ళే కూలి ఆడవాళ్ళు పలకరించేవారు.

“ఏం మామ్మా, పడ్డాయా?”

“పడితే నీకెందుకు చెబుతానే? వాటాకొస్తావు.”

మిరపకాయలు ఆరబోసే రోజుల్లో కల్లాల మీద నుంచి గాలి తిరిగిందంటే, కట్ట మీద గాలాలు వేసినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు తుమ్మేవాళ్ళం. బావగారు మాత్రం తుమ్ము వచ్చే ముందు గాలం నీళ్ళలోంచి తీసి పక్కన పెట్టి, అప్పుడు తుమ్మేవారు. చేపను కొలవడానికి మా స్కూలు చెక్క స్కేలు వాడేవారు. చిన్నదైతే రెండు చేతులతో నీళ్ళలో దించి, “వచ్చే ఏడు కనపడు,” అని చెప్పి పంపేవారు. నేను తొందరపడితే “చేపకు లేని తొందర నీకెందుకు?” అనేవారు. నీళ్ళకు మరీ దగ్గరగా జరిగితే “నీళ్ళకు సీనియారిటీ తెలీదు మరదలా,” అనేవారు. నేను హెడ్‌మిస్ట్రెస్‌నని గుర్తు చేసేదాన్ని. నీళ్ళకు అదీ తెలీదనేవారు.

తర్వాత ఒక రోజు సొసైటీ నుంచి కాగితం వచ్చింది. ఏడో రూలు ప్రకారం నా అనుమతి రద్దు. ఒక్క వాక్యం. కింద ప్రెసిడెంటు సంతకం.

నాకు అనుమానం లేదు. అంతకు ముందు వారమే ప్రెసిడెంటుతో నాకు గొడవైంది. ఆదివారం కాని రోజున వాళ్ళ బావమరిది గాలం వేస్తుంటే చూసి, పదిమందిలో కడిగేశాను. కాబట్టి ఇది కక్షే. కాగితం తీసుకుని బావగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివి, మడిచి నా చేతిలో పెట్టి, “ఊఁ” అన్నారు.

“ఊఁ ఏమిటండీ? నాకు ఈత రాదని వాడికెవరు చెప్పారు?”

“కనుక్కుందాం. ముందు విజ్ఞప్తి పెడదాం. నేను రాస్తా.”

రాశారు. ఒకటి కాదు, మూడేళ్ళలో మూడు విజ్ఞప్తులు. అందులో ఒకదానిలో “దరఖాస్తుదారు నీటి పట్ల తగినంత భయభక్తులు కలిగియున్నారు” అని రాశారు. తెలుగు చెప్పుకుని బతికినదాన్ని, ఆ వాక్యానికి మురిసిపోయాను. మూడింటికీ కుదరదనే జవాబొచ్చింది.

అంతకంటే పెద్ద విషయం, ఆయనా చెరువుకు వెళ్ళడం మానేశారు.

“మీ కార్డుకేమైంది? మీరు వెళ్ళండి,” అన్నాను.

“నువ్వు లేకుండా నేనెందుకు?” అన్నారు.

ఆ ఒక్క మాటను ఊరంతా తిప్పాను. చర్చిలో స్త్రీల కూటంలో చెప్పాను, బజార్లో చెప్పాను, పొదిలిలో ఉన్న నా కూతురికి ఫోన్లో వారం వారం చెప్పాను. మా బావగారు నా కోసం గాలం వదిలేశారని. అటువంటి మనిషి ఉంటాడా అని. మూడేళ్ళు ఆదివారాలు ఆయన వరండాలో అష్టాచెమ్మా ఆడుకున్నాం. ఆయన ఆట మీద మనసు పెట్టేవారు కాదు. నా కోసమే అంత బాధపడుతున్నారనుకుని, నేను ప్రెసిడెంటును ఇంకాస్త తిట్టేదాన్ని.

ప్రెసిడెంటు బజార్లో కనిపిస్తే వదిలేదాన్ని కాదు. “ఏమయ్యా, ముసలమ్మను కట్టెక్కనివ్వని మొనగాడా! చేపలు బాగున్నాయా?” అనేదాన్ని. అతను చేతులు జోడించి, కూరగాయల బుట్ట అక్కడే వదిలేసి పక్క సందులోకి తప్పుకునేవాడు. తప్పు చేసినవాడి నడక అదేనని పక్కవాళ్ళకు చూపించేదాన్ని.

బావగారి ఆదరణ కూడిక రోజున ఇంటి ముందు షామియానా వేశారు. పాస్టరుగారు చేపల మీద ప్రసంగం చేశారు. పోయినాయన మత్స్యశాఖ ఇన్‌స్పెక్టరు, పాపం పాస్టరుగారికి మాత్రం వేరే దారేముంది? ప్రార్థన ముగిసే వేళకు సొసైటీ ప్రెసిడెంటు దండ పట్టుకుని వచ్చాడు. నేను ఫోటో పక్కనే కూర్చుని ఉన్నాను.

“బతికున్నప్పుడు కట్టెక్కనివ్వలేదు. ఇప్పుడు దండ తెచ్చావా నాయనా?”

అందరూ విన్నారు. అతను ఫోటోకు దండ వేశాడు. తర్వాత ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. యాభై దాటిన మనిషి, చెమటలు కారుతున్నాయి.

“అమ్మగారూ, మూడేళ్ళ నుంచి తిడతన్నారు. పడ్డాను. ఇంక నావల్ల కాదు.”

“చేసినవాడివి పడక ఏం చేస్తావు?”

“నేను చెయ్యలా.”

“మరెవరు చేశారు, చేపలా?”

అతను ఫోటో వైపు చూశాడు. నేనూ చూశాను. నాకేం అర్థం కాలేదు.

“ఆయనేనమ్మా రాసిచ్చింది. మీకు ఈత రాదు, కార్డు తీసెయ్యమని. నా చేత మాట తీసుకున్నాడు. ‘నేను బతికున్నన్నాళ్ళు ఆమెకు చెప్పబాక, ఆమె తిడితే ఆ తిట్లు మనిద్దరం పంచుకుందాం’ అన్నాడు. ఏడ పంచుకున్నాడమ్మా? అన్నీ నేనే తిన్నా.”

ఆ క్షణంలో కూడా నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

“అబద్ధం,” అన్నాను.

“కాయితం ఉంది. రేపు పొద్దున్నే రండి, చూపిస్తా.”

మర్నాడు పొద్దున ఆటో మాట్లాడుకుని కట్ట దగ్గర సొసైటీ గదికి వెళ్ళాను. ప్రెసిడెంటు ఫైలు తీసి నా ముందు పెట్టి, తను గుమ్మం బయట నిలబడ్డాడు. ఆ చేతిరాత ఎవరిదో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

“విషయం: ఏడవ రూలు క్రింద తప్పుడు సాక్ష్యము ఇచ్చుట గురించి. సూచిక: నా సంతకము. పై కార్డుదారుకు ఈత వచ్చునని నాలుగు సంవత్సరములు వరుసగా నేను సాక్షి సంతకము చేసియున్నాను. ఆమెకు ఈత రాదు. ఆ సంగతి నాకు మొదటి నుండి తెలియును. నిన్న ఆమె రాతికట్టు మీద జారి నడుము లోతు నీటిలో పడినారు. నేను కొంగు పట్టుకొని పైకి లాగితిని. మరియొకసారి నా చేతికి కొంగు అందకపోవచ్చును. కావున ఆమె కార్డును, రూలు చివరి వాక్యము ప్రకారము తప్పుడు సాక్షి కార్డును రద్దు చేయవలసినదిగా కోరుచున్నాను. ఈ లేఖ సంగతి ఆమెకు తెలియపరచరాదు.”

జారిన మాట నిజం. ఆ రోజు పెద్ద బొచ్చె చేప పడింది, అది లాగితే నేనూ వెళ్ళాను. ఆయన నన్ను పైకి లాగాక, పోయిన చేప కోసం నేను చాలాసేపు విచారించాను. తడి చీరతో మోపెడ్ ఎక్కాను. దారిలో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. అంత మంచి చేప పోయినందుకు అలిగారనుకున్నాను.

రూలు చివరి వాక్యమేమిటని ప్రెసిడెంటును అడిగాను. గోడ మీద అంటించిన కాగితం చూపించాడు. సాక్ష్యం అబద్ధమని తేలితే సాక్షి కార్డు కూడా పోతుంది, మళ్ళీ ఇవ్వరు. జీవితమంతా పిల్లలకు “ప్రశ్న చివరిదాకా చదవండర్రా” అని చెప్పాను. ఆ కాగితం చివరిదాకా నేను చదవలేదు.

అంటే ఆయన నా కోసం గాలం వదల్లేదు. ఆయన కార్డు ఊడిపోయింది. “నువ్వు లేకుండా నేనెందుకు” అన్న మాటను నేను ఊరంతా పంచిపెడుతుంటే వింటూ కూర్చున్నారు.

ఇంకా ఉంది. నా మూడు విజ్ఞప్తులూ అదే ఫైల్లో ఉన్నాయి. ఒక్కోదానికీ గుండుసూదితో గుచ్చిన చిన్న చీటీ. అదే చేతిరాత. “పై విజ్ఞప్తిని తిరస్కరించగలరు.” భయభక్తులు కలిగియున్నారన్న దానికి కూడా.

అబద్ధం నా ముందు రాశారు. నిజం నా వెనక రాశారు.

ఇందులో నా తప్పుంది, కాదనను. ఆ సంతకం పెట్టించింది నేను. చచ్చిపోయిన అక్కను అడ్డం పెట్టి పెట్టించాను. రూలంటే ప్రాణమిచ్చే మనిషి చేత ఆయన సొంత రూలునే తప్పించాను. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు తన ఆదివారాలు కూడా పోతాయని ఆయనకు తెలుసు. తెలిసే రాశారు. ఇదంతా నాకు అర్థమవుతోంది. అర్థమైనంత మాత్రాన కోపం పోవాలని ఎక్కడా లేదు.

ఒక్కసారి నా మొహం మీద చెప్పి ఉండాల్సింది. “నాకు భయంగా ఉంది, ఇంక నువ్వు రావద్దు,” అని. నేను అరిచేదాన్ని, అది నిజం. వారం రోజులు మాట్లాడేదాన్ని కాదు. ఆ తర్వాత? ఆ తర్వాత ఏం చేసేదాన్నో తెలుసుకునే అవకాశం నాకివ్వలేదాయన. చెప్పినా వినదని నా గురించి ఒక తీర్మానం చేసేసి, ఫైలు మూసేశారు. మూడేళ్ళు ఎదురుగా కూర్చుని గవ్వలు వేశారు, నోటిదాకా వచ్చి ఉండదా ఒక్కసారైనా?

ఫైలు మూసి బయటికి వచ్చాను. ప్రెసిడెంటు చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

“నిన్ను తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నానయ్యా.”

“వద్దులేమ్మా, అలవాటైనాయి.” గొంతు తగ్గించాడు. “ఒక మాట చెప్తా, తప్పనుకోబాకండి. మీ కార్డు మళ్ళీ ఇయ్యొచ్చు. సాచ్చి సంతకం ఎవురైనా పెట్టొచ్చు. నేనే పెడతా. మీకు ఈత వచ్చో రాదో ఎవురికి తెలుసుద్ది? రేపటి ఆదివారం నుంచే రండి.”

లోపలికి వెళ్ళి దరఖాస్తు కాగితం తెచ్చాడు. సాక్షి సంతకం చోట వేలు పెట్టి చూపించాడు. చెరువు మీద నుంచి గాలి వస్తోంది. నీళ్ళ వాసన, చేపలకు వేసే తవుడు ముద్ద వాసన. మూడేళ్ళుగా నేను కోరుకున్నది ఆ ఒక్క కాగితం. నోరు తెరిస్తే “పెట్టు” అనేస్తానేమోనని భయమేసింది.

“వద్దయ్యా,” అన్నాను చివరికి. “ఒక మనిషి చేత రాయించింది చాలు.”

“మరి ఆదివారాలు ఏం చేస్తారమ్మా?”

“మనుషుల్ని తిడతాను. నువ్వు మాత్రం భయపడకు, వేరేవాళ్ళను వెతుక్కుంటాను.”

అతను నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఒక్కసారి కట్టెక్కి చూసి వెళతానన్నాను. దానికి కార్డు అక్కర్లేదన్నాడు. నెమ్మదిగా ఎక్కాను. ఆ రోజు గాలాలు వేసే రోజు కాదు, ఎవరూ లేరు. నేను కూర్చుని గాలం వేసే నా రాయి ఎక్కడుందో అక్కడే ఉంది. నేను దాని మీద కూర్చోలేదు. కుడి పక్కన, దానికి రెండు వరసల పైన, ఆయన ఎప్పుడూ కూర్చునే రాయి మీద కూర్చున్నాను. నాలుగేళ్ళలో నేనెప్పుడూ అక్కడ కూర్చోలేదు.

పొద్దుటి ఎండ ఎదురుగా పడుతోంది. అక్కడి నుంచి చూస్తే నీళ్ళంతా ఒకటే మెరుపు. గాలపు బెండు తేలుతోందో మునుగుతోందో ఎవరికీ కనిపించే చోటు కాదు అది. కనిపించేది ఒక్కటే, నా రాయి. దాని కింద, నేను కాళ్ళు వేలాడేసుకునే చోట, నీళ్ళు తగిలే వరస పొడుగునా చిక్కటి పచ్చని పాచి. ఆ రాయి మీద కూర్చున్నవాళ్ళకు అది కనపడదు. చిన్న అల వచ్చి తడిపినప్పుడల్లా పాచి తళుక్కున మెరిసి, మళ్ళీ మామూలుగా పడి ఉంటోంది.